బీచ్ రోడ్డు మీది టీయూ-142ని ఎప్పుడైనా కిందకి వంగి చూశావా?

అడిగింది ఇదీ: గాజువాక కుర్రాడు, ఇంజినీరింగ్ మూడో ఏడు. విశాఖ బీచ్ రోడ్డులో నిలబెట్టిన నేవీ పాత గస్తీ విమానం టీయూ-142 చూసినప్పటి నుంచి పాత యుద్ధవిమానాల పిచ్చి పట్టుకుందట. సముద్రం ఒడ్డున ఉప్పుగాలిలో అంత విమానాన్ని పెట్టడం తెలివైన పనేనా అని ఒక ప్రశ్న. పాత విమానాల్ని కాపాడటం అంటే అసలు ఏం చేస్తారని రెండోది. చేతిలో డబ్బు లేకుండా, విశాఖలోనే ఉంటూ ఇందులోకి ఎలా దిగాలని మూడోది. ఇంట్లో వాళ్ళ నాన్నగారేమో "పాత ఇనపసామాను కోసం చదువు పాడుచేసుకోకు" అంటున్నారట.

బాబూ, నువ్వనే అంటాను, మా చిన్నాడి వయసు నీది. నేను నేవీలో ఎయిర్‌ఫ్రేమ్, అంటే విమానం ఒళ్ళు, చూసుకునే పనివాణ్ణి. విమానం ఎగరేసినవాణ్ణి కాదు, అది ఎగిరొచ్చాక టార్చి పట్టుకుని దాని కడుపు కింద పడుకున్నవాణ్ణి. రిటైరయ్యాక మర్రిపాలెంలో స్థిరపడ్డాను. ఎవరైనా పిలిస్తే, పిలవకపోయినా ఒక్కోసారి, పాత విమానాలు ఎలా ఉన్నాయో చూసొస్తుంటాను. కాబట్టి నా జవాబు కూడా కడుపు కింద నుంచే మొదలవుతుంది.

ముందు మీ నాన్నగారికి ఒక మాట. అది ఇనుము కాదండీ, చాలావరకు అల్యూమినియం మిశ్రమలోహం. ఇనుమే అయితే మా పని సగం తేలికయ్యేది. ఇనుము చెడితే ఎర్రగా తుప్పు దేరి నాలుగు వీధులకీ తెలుస్తుంది. అల్యూమినియం అలా కాదు. పైన రంగు నిగనిగలాడుతూనే ఉంటుంది, లోపల పని అయిపోతుంటుంది. మొదట రివెట్, అంటే రేకుల్ని కలిపి బిగించే మేకు, దాని తల చుట్టూ రంగు చిన్న బుడగలా లేస్తుంది, నూనెలో వేసిన పూరీ పొంగబోయే ముందు చూస్తావే, అలా. ఆ బుడగ గిల్లితే లోపల తెల్లటి పొడి, ముగ్గుపిండిలా. దానికంటే ముదిరితే లోహం పొరలు పొరలుగా విడిపోతుంది. మందపాటి దూలాల్లో, రెక్క మొదట్లో ఉండే గట్టి మిశ్రమలోహాల్లో ఈ జబ్బు ఎక్కువ. కొత్తగా చేరిన కుర్రాళ్ళకి మా చీఫ్ ఒకాయన "మడతకాజా" అని చెప్పేవాడు. చూస్తే సరిగ్గా అలాగే ఉంటుంది, పొర మీద పొర విచ్చుకుని. ఒకసారి మడతకాజా అయ్యాక ఆ భాగం కోసి తియ్యడమే తప్ప బాగుచెయ్యడం ఉండదు.

ఇప్పుడు ఉప్పుగాలి సంగతి. వానాకాలంలో మీ అమ్మగారి ఉప్పు డబ్బా చెమ్మగిల్లడం చూసే ఉంటావు. ఉప్పు గాలిలో తేమని లాక్కుంటుంది. విమానం చర్మం మీద పడిన ఉప్పు కూడా అదే పని చేస్తుంది. పగలు ఎండకి ఆరిపోతుంది, రాత్రి మంచుకి మళ్ళీ తడుస్తుంది. ఆ తడి పలచటి ఉప్పునీటి పొర. అందులో అల్యూమినియం రేకూ, స్టీలు బోల్టూ ఒకదానికొకటి తగులుతూ ఉన్నాయనుకో, అదొక చిన్న బ్యాటరీ. కరిగిపోయేది అల్యూమినియం. పాత హెలికాప్టర్ల గేర్‌బాక్సు పెట్టెలు, కొన్ని పాత విమానాల చక్రాల హబ్బులు మెగ్నీషియం కలిసిన లోహంతో పోశారు. అవి మరీ అన్యాయం, ఉప్పు తగిలితే బెల్లం ముక్కలా కరిగిపోతాయి.

ఇక్కడ చాలామంది తెలివైనవాళ్ళే పొరపడే విషయం ఒకటుంది. వాన విమానానికి శత్రువు అనుకుంటారు. విమానం వీపుకి వాన మంచి నేస్తం, ఉప్పు కడిగేస్తుంది. వాన తగలని చోటే అసలు గొడవ. కడుపు, రెక్కల అడుగు, చక్రాలు ముడుచుకునే గూళ్ళు. అక్కడ ఉప్పు చేరుతూనే ఉంటుంది, కడిగే దిక్కుండదు. అందుకే అన్నాను, విమానాన్ని చూడాలంటే వంగాలి. ముక్కు దగ్గర నిలబడి సెల్ఫీ దిగినవాడికి విమానం ఆరోగ్యం గురించి ఏమీ తెలియదు.

ఒక అనుభవం చెప్తాను. ఎక్కడన్నది చెప్పను, విశాఖ కాదు. ఒక సంస్థవాళ్ళు ఎప్పుడో తెచ్చుకున్న పాత శిక్షణ విమానాన్ని ఆవరణలో సిమెంటు దిమ్మ మీద నిలబెట్టారు. ఏ పెద్దమనిషి వస్తున్నాడన్నా దానికి ఒక చుట్టు రంగు. నేను వెళ్ళేసరికి పెళ్ళికొడుకులా మెరిసిపోతోంది. నిచ్చెన వేసుకుని తోక దగ్గర ఒక పెచ్చు ఊడదీసి చూశాను. మామిడితాండ్రలా ఏడు పొరలు రంగు, ఒక్కొక్కటీ ఒక్కో నీలం. కిందకి దిగి కడుపు వెంట వేళ్ళు పోనిస్తే డ్రెయిన్ హోల్ తగల్లేదు. డ్రెయిన్ హోల్ అంటే లోపల చేరిన నీళ్ళు కారిపోవడానికి వదిలిన బెజ్జం, పెన్సిలు పట్టేంత ఉంటుంది. ఏడు చుట్ల రంగుకి అవి పూడుకుపోయాయి. సైకిలు ఊచ ముక్క ఒకటి అడిగి తెప్పించుకుని, బెజ్జం ఉండాల్సిన చోట పొడిచాను. నల్లటి నీళ్ళు కారడం మొదలై ఎంతకీ ఆగలేదు. రెండు బక్కెట్లు నిండాయి. అందులో దోమపిల్లలు ఈదుతున్నాయి. పక్కనున్న తోటమాలి "డెంగ్యూ వచ్చిందని పూలకుండీలన్నీ బోర్లించాం సార్, దీని సంగతి తట్టలేదు" అన్నాడు పాపం. ఆ నీళ్ళు పోయాక అడుగు రేకు మీద బొటనవేలితో నొక్కితే అప్పడంలా లోపలికి పోయింది. ఏడుసార్ల రంగు ఖర్చులో పదో వంతు పెట్టి ఒక మనిషి ఏడాదికి నాలుగుసార్లు ఆ బెజ్జాలు గుచ్చి ఉంటే, ఆ విమానం ఇంకో ముప్ఫై ఏళ్ళు నిలబడేది.

నీ రెండో ప్రశ్నకి నా జవాబంతా దాదాపు ఇదే. కాపాడటం అంటే నీళ్ళు ఎక్కడ నిలుస్తున్నాయో కనిపెట్టడం. రంగు తర్వాత సంగతి. కరోజన్, అంటే లోహాన్ని తినేసే ఈ జబ్బు, దాన్ని గోకకుండా పైన రంగు వేస్తే, పుండు కడక్కుండా కట్టు కట్టినట్టే.

ఇంకొంచెం వివరంగా చెప్తా, ఎందుకంటే రేపు ఎవరైనా నిన్ను రమ్మంటే చేతులాడాలి కదా. కడగడానికి మంచినీళ్ళు, ఘాటు లేని సబ్బు, మెత్తటి స్పాంజి. కింద నుంచి పైకి కడగాలి, పై నుంచి కిందకి కాదు. పైన సబ్బు పెడితే అది పొడి చర్మం మీద చారలుగా కారి, ఎండి, మరక పడుతుంది. కార్లు కడిగే ప్రెషర్ గొట్టం అతుకుల మీద కొట్టకూడదు, ఉప్పుని బయటికి తోసే బదులు లోపలికి తోస్తుంది. అతుకుల్లో మురికికి పాత టూత్‌బ్రష్షు. గోకాల్సి వస్తే ప్లాస్టిక్ చెక్క, వెదురు చెక్క, నైలాన్ పీచు. గిన్నెలు తోమే స్టీలు పీచు మాత్రం ఛస్తే ముట్టకు. దాని రేణువులు అల్యూమినియంలో దిగబడిపోతాయి. అంటే నీ చేత్తో నువ్వే వెయ్యి చిన్న బ్యాటరీలు నాటినట్టు. కాక్‌పిట్ మీది అద్దం నిజంగా గాజు కాదు, అక్రిలిక్. ఇంట్లో కిటికీ అద్దాలకి కొట్టే అమ్మోనియా ద్రావకం పడితే దాని నిండా సన్నటి జీర్లు వస్తాయి. పొడిగుడ్డతో తుడిచినా గీతలే. నీళ్ళు, కాస్త సబ్బు, అరచెయ్యి. అరచెయ్యి ఎందుకంటే ఇసుకరేణువు ఉంటే ముందు చేతికి తెలుస్తుంది.

చక్రాల మీద బరువు ఏళ్ళ తరబడి ఒకే చోట ఉంటే టైరు అడుగు చప్పిడైపోయి పగుళ్ళిస్తుంది. స్టాండ్ల మీద ఎత్తి నిలబెట్టాలి. ఇంజిన్ నోళ్ళకి మూతలు ఉండాలి, లేదంటే పావురాలకి అంతకంటే మంచి ఇల్లు దొరకదు. వాటి రెట్ట రంగునీ తింటుంది, లోహాన్నీ తింటుంది. నేను చూసినంతలో పాత విమానాల్ని శత్రుదేశాల కంటే పావురాలే ఎక్కువ పాడుచేశాయి.

ప్రమాదాలు కూడా ముందే చెప్పేస్తాను. పాత విమానంలో చేతులు పెట్టాలని ఉబలాటం ఉంటుంది. 1940ల్లో, 50ల్లో వచ్చిన మీటర్లలో ముల్లు, అంకెలు చీకట్లో మెరవడానికి రేడియం రంగు పూసేవారు. ఇప్పుడది మెరవదు కాబట్టి చచ్చిపోయిందనుకుంటారు. చచ్చింది మెరిసే పదార్థమే. రేడియం సగానికి తగ్గడానికే 1600 ఏళ్ళు పడుతుంది. పాతసామాన్ల కొట్లో అలాంటి మీటరు దొరికితే విప్పకు, గోకకు, పడకగదిలో పెట్టుకోకు. రంగు కింద పసుపుపచ్చగా, ఆకుపచ్చగా కనిపించే పాత ప్రైమర్‌లో, అంటే మొదట వేసే అడుగుపూతలో, క్రోమేట్ ఉంటుంది. పొడిగా గరుకుకాగితం వేసి రుద్ది ఆ దుమ్ము పీలిస్తే క్యాన్సర్ వచ్చే ప్రమాదం ఉంది. ఇక ప్రమాదంలో పైలట్‌ని బయటికి విసిరే ఫైటర్ల ఎజెక్షన్ సీటు అంటే నిజానికి రాకెట్టు మీద కుర్చీ. బీచ్ రోడ్డులో మన నేవీ ఫైటర్ సీ హారియర్ ఉంది చూడు, ఆ జాతి విమానాల కనోపీ (కాక్‌పిట్ మీది అద్దం మూత) మీద మెలికలు తిరిగిన గీత ఒకటి ఉంటుంది. అలంకారం అనుకుంటారు. అది పేలుడు తాడు. పైలట్ సీటు పిడి లాగగానే కనోపీని ముక్కలు చెయ్యడానికి. ప్రదర్శనకి పెట్టే ముందు ఇవన్నీ తీసేస్తారు. కానీ "తీసే ఉంటార్లే" అనుకుని ఏ పాత విమానంలోనూ సీటు మీద కూర్చోకూడదు. కాగితం మీద రాసి సంతకం ఉందా అని అడగాలి. మా సర్వీసులో అదే నేర్పారు, ఇప్పటికీ అదే నా పద్ధతి.

సరే, మొదటి ప్రశ్న. సముద్రం పక్కన పెట్టడం తప్పా?

లోహం వైపు నుంచి అడిగితే తప్పే. ఎండు ఎడారిలో పెడితే వందేళ్ళుంటుంది. మనిషి వైపు నుంచి అడిగితే నా సమాధానం వేరు. టీయూ-142లు 1988లో గోవాలో మన నేవీలో చేరాయి, 1992లో తమిళనాడులో అరక్కోణం దగ్గరి నేవీ స్థావరం ఐఎన్ఎస్ రాజాలికి మారాయి. 29 ఏళ్ళు పనిచేసి 2017 మార్చిలో రిటైరయ్యాయి, వాటి పని పీ-8ఐ అనే కొత్త గస్తీ విమానాలకి వెళ్ళింది. మన బీచ్ రోడ్డు మీదున్నది తన రెక్కల మీదే విశాఖకి వచ్చి ఇక్కడి నేవీ విమానస్థావరం ఐఎన్ఎస్ డేగాలో దిగింది. అక్కడ విప్పి, ముక్కలుగా తెచ్చి, మళ్ళీ బిగించారు. రెక్క కొస నుంచి కొసకి 50 మీటర్లుండే వస్తువుని నగరం మధ్యలోంచి తేవడం మాటలు కాదు. 2017 డిసెంబరులో రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించారు. అదే రోడ్డులో 2002 నుంచి కురుసురా జలాంతర్గామి ఉంది. సాయంత్రం మొక్కజొన్న పొత్తు తింటూ, పిల్లాణ్ణి భుజం మీద ఎక్కించుకుని వచ్చే జనం ఆ విమానాన్ని చూస్తారు. అరక్కోణంలో హ్యాంగర్‌లో దాచి ఉంటే నువ్వు చూసేవాడివా? నీకీ పిచ్చి పట్టేదా?

కాకపోతే బయట పెట్టినవాళ్ళకి ఒక బాకీ ఉంటుంది. రిబ్బను కత్తిరించిన రోజు ఖర్చు చిన్నది, ఆ తర్వాత ప్రతి ఏడూ వచ్చే ఖర్చు పెద్దది. దాన్ని ఎగ్గొడితే ఏమవుతుందో మనకి ఒక పాఠం ఉంది. మన పాత విమానవాహక నౌక ఐఎన్ఎస్ విక్రాంత్. 1971లో పాకిస్తాన్ జలాంతర్గామి ఘాజీ మన విశాఖ దాకా వచ్చింది దాన్ని వెతుక్కుంటూనే. ఘాజీ ఇక్కడ మునిగింది. విక్రాంత్ అప్పుడు అండమాన్ వైపు ఉంది, డిసెంబరు 4 నుంచి దాని మీది విమానాలు సీ హాక్‌లు, అలీజేలు తూర్పు పాకిస్తాన్‌లోని కాక్స్ బజార్, చిట్టగాంగ్‌ల మీద దాడులు చేశాయి. అంతటి ఓడ 1997లో రిటైరై, ముంబైలో కొన్నేళ్ళు మ్యూజియంగా ఉండి, పోషించలేక 2012లో మూతపడి, చివరికి తుక్కుకి వెళ్ళింది. దాని లోహం కొంత మోటారుసైకిళ్ళలో కలిసింది. ఆ బండి నడిపేవాళ్ళని చూస్తే నాకు ఏమనాలో తెలియదు. కనీసం ఆ రోజుల సీ హాక్, అలీజే రకాలు గోవాలో బోగ్మాలో దగ్గరి నేవల్ ఏవియేషన్ మ్యూజియంలో ఉన్నాయి. ఎప్పుడైనా గోవా వెళ్తే మీ స్నేహితులు బీచికి పోతారు, నువ్వు ముందు అక్కడికి పో. సూపర్ కాన్‌స్టెలేషన్ కూడా ఉంటుంది, మూడు తోకలతో. అంత అందమైన విమానాన్ని నేను ఇంకొకటి చూడలేదు.

నువ్వు అడగలేదు కానీ అడుగుతావు: పాత విమానాల్ని నిలబెట్టడం కంటే ఎగరెయ్యడం మంచిది కదా అని. ఇందులో నా అభిప్రాయం చాలామందికి నచ్చదు.

ఎగిరేవి మన దగ్గరా ఉన్నాయి. వాయుసేన పాతవిమానాల దళంలో టైగర్ మాత్, హార్వర్డ్, డకోటా ఉన్నాయి. ఆ డకోటాని తుక్కు స్థితిలోంచి కొని, బ్రిటన్‌లో బాగుచేయించి వాయుసేనకి ఇచ్చింది రాజీవ్ చంద్రశేఖర్, వాళ్ళ నాన్నగారు డకోటా పైలట్. 2018లో అక్కడి నుంచి మన దేశం దాకా ఎగురుకుంటూ వచ్చింది. పేరు పరశురామ, తోక మీద నంబరు వీపీ 905. ఆ నంబరు 1947 అక్టోబరు 27న సిక్కు రెజిమెంటు జవాన్లతో శ్రీనగర్‌లో మొదట దిగిన డకోటాది. అంటే శరీరం ఒకదానిది, నంబరు ఇంకొకదానిది. ఇది మోసం అనేవాళ్ళున్నారు, నేననను. మన ఫిషింగ్ హార్బర్‌లో పాత చెక్క బోటుని అడుగు. ప్రతి సీజనుకీ నాలుగు పలకలు మారతాయి, ఇంజిను ఎప్పుడో మారింది, పేరు మాత్రం ముత్తాత పెట్టిందే. ఎవరూ దాన్ని వేరే బోటు అనరు. ఏ పలక ఎప్పుడు మారిందో రాసి ఉంచితే చాలు. రాయకపోతేనే మోసం.

కానీ ఎగరేసిన ప్రతిసారీ పోగొట్టుకునే అవకాశం ఉంది. దీనికి మనకి సంబంధమున్న కథ ఒకటి చెప్తా. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయాక బ్రిటిష్ వాళ్ళు కాన్పూరులో బోలెడు లిబరేటర్ బాంబర్లని వదిలేసి వెళ్ళారు. ఊరికే వదల్లేదు, మళ్ళీ పనికి రాకుండా పగలగొట్టి, ఇంజిన్లలో ఇసుక పోసి మరీ పోయారని మా పెద్దవాళ్ళు చెప్పేవారు. హిందూస్తాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్ళు ఆ గుట్టలోంచి ఒక దాని రెక్క, ఇంకొకదాని తోక ఏరి, ఎలాగో ఎగిరేలా చేసి బెంగళూరు తీసుకెళ్ళి, పూర్తిగా బాగుచేసి, నలభైకి పైగా లిబరేటర్లని మన వాయుసేనకి ఇచ్చారు. 1948లో 5వ స్క్వాడ్రన్ వాటితోనే మొదలైంది. 1968 దాకా అవి ఎగిరాయి. ప్రపంచమంతా ఎప్పుడో తుక్కు చేసుకున్న విమానం మన దగ్గర ఇరవై ఏళ్ళు ఉద్యోగం చేసింది! ఇవాళ బ్రిటన్ వాయుసేన మ్యూజియంలో, అమెరికాలోని పీమా మ్యూజియంలో, కెనడా మ్యూజియంలో ఉన్న లిబరేటర్లు మన దగ్గర నుంచి వెళ్ళినవే. ఢిల్లీలో పాలం మ్యూజియంలో ఒకటి మనకీ మిగిలింది. "ఇండియావాళ్ళకి పాతవస్తువుల విలువ తెలీదు" అని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పు.

అలా వెళ్ళినవాటిలో ఒకదాన్ని అమెరికాలో కాలింగ్స్ ఫౌండేషన్ ఎగిరేలా చేసింది. చాలా ఏళ్ళు ఊరూరా తిరిగి జనాన్ని ఎక్కించుకుంది. వాళ్ళ దగ్గరే ఆ కాలపు ఇంకో బాంబరు, బీ-17, ఒకటి ఉండేది. 2019 అక్టోబరు 2న అది కనెక్టికట్‌లో కూలిపోయి ఏడుగురు చనిపోయారు. తర్వాత ఏడాది అక్కడి విమానయాన అధికారులు ఆ సంస్థకి జనాన్ని ఎక్కించుకునే అనుమతి తీసేశారు. 2022 నవంబరులో డాలస్‌లో ఇంకో బీ-17 వైమానిక ప్రదర్శనలో వేరే పాత ఫైటర్‌తో గుద్దుకుని ఆరుగురు పోయారు. ఇంజిను చప్పుడు వినాలని నాకూ ఉంటుంది, ఎందుకుండదు? టైగర్ మాత్‌లు ప్రపంచంలో ఇంకా చాలా ఉన్నాయి, హాయిగా ఎగరెయ్యండి. చివరి రెండో మూడో మిగిలినవాటిని మాత్రం నేలమీదే ఉంచండి. నా మాట అంతే.

ఇప్పుడు నీ మూడో ప్రశ్న, డబ్బు లేకుండా ఎలా అని. నిజం చెప్పాలంటే విశాఖలో ఉండటమే నీ ఆస్తి. రిటైరైన నేవీవాళ్ళు ఈ ఊళ్ళో ఉన్నంతమంది ఇంకెక్కడ ఉంటారు? ఎన్ఏడీ జంక్షన్ నుంచి మల్కాపురం దాకా ఏ వీధిలో అడిగినా ఒక చీఫో, ఒక మాస్టర్ చీఫో (నేవీలో మా లాంటివాళ్ళు ఎక్కే పై హోదాలు) తగులుతాడు. వాళ్ళ తలల్లో ఉన్నది ఏ మ్యూజియంలోనూ లేదు. గ్రౌండ్ క్రూ, అంటే నేలమీద విమానాన్ని చూసుకునే మా లాంటివాళ్ళ సంగతులు ఎవరూ రాయరు. పైలట్లు రాసుకుంటారు, పతకాలు వాళ్ళవి కాబట్టి. అర్ధరాత్రి వానలో ఏ బోల్టు ఎందుకు రాలేదో, దానికి ఏ ఉపాయం చేశారో మాకే తెలుసు.

మా సీనియర్ ఒకాయన ఉండేవాడు. ఇరవై ఏళ్ళ సర్వీసులో పనిచేసిన ప్రతి విమానం గురించి ఆయనకి సొంత నోటుబుక్కులున్నాయి. రహస్యాలేం కావు, బొమ్మలు: ఏ ప్యానెల్ తెరవాలంటే చెయ్యి ఎటు తిప్పి పెట్టాలి, ఏ సందులో నీళ్ళు చేరతాయి, ఇలాంటివి. ఎర్ర సిరా, నీలం సిరా, అంచులో కొలతలు. అందులో అలీజే రెక్క మడత దగ్గరి బొమ్మ ఒకటి నాకు ఇప్పటికీ కళ్ళకి కట్టినట్టుంటుంది. మడతలో గ్రీజు ఎక్కడ పెట్టాలో చెప్పడానికి ఆయన తన చూపుడువేలు బొమ్మ కూడా వేశాడు, గోటితో సహా. ఆయన పోయిన మూడు నెలలకి నేను వాళ్ళింటికి వెళ్ళాను, ఆ పుస్తకాలు ఒకసారి ఇమ్మని అడుగుదామని. వాళ్ళావిడ కాఫీ ఇచ్చి, "అయ్యో, సంక్రాంతికి ఇల్లు దులిపినప్పుడు పాతపేపర్లవాడికి వేసేశామన్నయ్యా, ఎవరికి పనికొస్తాయని" అన్నారు. ఆవిడ తప్పేం లేదు. పనికొస్తాయని ఆవిడకి చెప్పనివాణ్ణి నేనే. ఆయన బతికుండగా ఒక ఆదివారం వెళ్ళి ఫోనుతో ఫోటోలు తీసుకుని ఉంటే ఐపోయేది.

కాబట్టి నీ మొదటి పని అది. ఫోను ఉంది కదా. వెళ్ళి కూర్చో, రికార్డు చెయ్యి. "యుద్ధంలో ఏం జరిగింది సార్" అని అడక్కు, అలా అడిగితే అందరూ సినిమా చెప్తారు. "పొద్దున్న డ్యూటీకి వెళ్ళగానే ముందు ఏ పని చేసేవారు?" అని అడుగు. అక్కడి నుంచి దారం దానంతటదే వస్తుంది. ఇంకా సర్వీసులో ఉన్న విమానాల సంగతులు మాత్రం అడక్కు, వాళ్ళూ చెప్పకూడదు, నువ్వూ వినకూడదు.

ఊళ్ళో వెతకాల్సింది ఇంకా ఉంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి, ర్యూజో అనే విమానవాహక నౌక నుంచి లేచి వచ్చి. అదే రోజు కాకినాడ మీదా పడ్డాయి. అప్పుడు ఊరు ఖాళీ చేసి ఎడ్లబళ్ళ మీద పల్లెలకి పోయిన కుటుంబాల కథలు ఇంకా కొన్ని ఇళ్ళల్లో ఉన్నాయి, మీ తాతమ్మ వైపు వాళ్ళనీ అడిగి చూడు. విశాఖ మ్యూజియంలో ఆనాటి పేలని జపాన్ బాంబు ఉంది. దాని ముందు నిలబడి చూశాక బీచ్ రోడ్డు వేరేలా కనిపిస్తుంది.

ఒక హెచ్చరిక. మన ఎయిర్‌పోర్టు రన్‌వే నేవీది. ఐఎన్ఎస్ డేగా అంటే మన డేగ పక్షే, నేవీ తన స్థావరానికి తెలుగు పేరు పెట్టుకుందని గర్వపడు, కానీ కంచె దగ్గర కెమెరా మాత్రం తియ్యకు. కుర్రతనంతో జూమ్ లెన్సు పట్టుకుని నిలబడి, సాయంత్రం దాకా పోలీస్ స్టేషన్లో కూర్చున్నవాళ్ళు నాకు తెలుసు. ఎగిరేవి చూడాలంటే డిసెంబరులో నేవీ డే విన్యాసాలు పెట్టినప్పుడు ఆర్కే బీచికి రా, జనం మధ్య ఎంత కావాలంటే అంత తీసుకో.

చదువు సంగతి. మీ నాన్నగారికి భయం ఉండటం సహజం, దీంట్లో ఉద్యోగాలు వేళ్ళమీద లెక్కపెట్టొచ్చు. కానీ నువ్వు చదివేది మెకానికల్ అయినా మెటలర్జీ అయినా కరోజన్ అనే సబ్జెక్టు గట్టిగా పట్టుకో. ఈ ఊళ్ళో ఓడరేవుంది, షిప్‌యార్డుంది, స్టీల్ ప్లాంటుంది, రిఫైనరీ ఉంది. అన్నిటికీ ఉన్న జబ్బు అదే, కాబట్టి అన్నం పెడుతుంది. ఆదివారాలు విమానాలకి ఉంచుకో. ఈ మాట అలాగే మీ నాన్నగారికి చదివి వినిపించు.

మ్యూజియం వాళ్ళ దగ్గరికి వెళ్ళి "నేను విమానం బాగుచేస్తాను" అనకు, ఎవరూ రానివ్వరు, రానివ్వకూడదు కూడా. "వారానికోసారి వచ్చి చుట్టూ తిరిగి ఏం మారిందో రాసిపెడతాను" అను. అలా రాసిన పుస్తకం ఒక ఏడాదిది నీ చేతిలో ఉంటే, రెండో ఏడు వాళ్ళే పిలుస్తారు. ఒకే చోటు, ఒకే కోణం, ఒకే దూరం నుంచి ఫోటో, పక్కన కొలతకి స్కేలు, తేదీ. పోయిన నెల బుడగ శనగబద్దంత, ఈ నెల బొబ్బరిగింజంత అని చూపించగలిగితే, దానికి మించిన రిపోర్టు ఉండదు.

ఈ ఆదివారం పొద్దున్నే వెళ్ళు, ఎండ ఎక్కక ముందు. టీయూ-142 ఇంజిన్లు నాలుగు, ఒక్కోదానికి ఒకదాని వెనక ఒకటి ఎదురెదురుగా తిరిగే రెండు ప్రొపెల్లర్లు, ఒక్కో ప్రొపెల్లరుకి నాలుగు రెక్కలు. అవి తిరుగుతుంటే కొసలు ధ్వనివేగం దగ్గరికి పోయేవి, అందుకే ఆ విమానం వస్తోందంటే కంటికంటే ముందు చెవికి తెలిసేది. ముప్ఫై రెండూ లెక్కపెట్టుకో, ముచ్చట తీరుతుంది. తర్వాత తాడు అవతలే నిలబడి, ఏమీ ముట్టుకోకుండా, మోకాళ్ళ మీద కూర్చుని కడుపు చూడు. డ్రెయిన్ హోళ్ళు ఎన్ని కనిపించాయి, ఏ వరసలో ఉన్నాయి, తెల్లపొడి గానీ బుడగలు గానీ ఎక్కడైనా ఉన్నాయా లేవా, ఒక బొమ్మ గీసి గుర్తులు పెట్టి ఇక్కడే పెట్టు. బొమ్మ బాగా రాకపోయినా ఫరవాలేదు. కావాలంటే నీ చూపుడువేలు కూడా వెయ్యి.